డెబ్బై మూడో నంబరు దీపం

నంద్యాల మునిసిపాలిటీలో నేను దీపాల గుమాస్తాగా ఉన్న కాలంలో దీపాలు వెలగలేదు. యుద్ధం వచ్చి కిరసనాయిలు కరువైంది. ఆఫీసుకు వచ్చే కాసిన్ని డబ్బాలు కూడా వీధి స్తంభాల దాకా పోకుండా పెద్దల ఇళ్లలోకి దారి చేసుకునేవి. అయినా దీపాలు ముట్టించే మనిషి రోజూ పొద్దు వాలకముందే నిచ్చెన భుజాన వేసుకొని బయల్దేరేవాడు. ప్రతి స్తంభమూ ఎక్కి, పైనున్న గాజుపెట్టెను గుడ్డతో తుడిచి, దిగి, తర్వాతి స్తంభానికి పోయేవాడు. అతని జీతం అందుకు. నేను ఆఫీసులో కూర్చొని పెద్ద రిజిస్టరులో ఒక్కో స్తంభం నంబరుకు ఎదురుగా "సరిగా ఉన్నది" అని రాసేవాణ్ణి. నా జీతం అందుకు.

ఆఫీసులో అలా రాసి, ఇంటికొచ్చి డైరీలో జరిగింది రాసేవాణ్ణి. పదహారో ఏట పట్టుకున్న అలవాటు, ఇంతవరకూ మానలేదు. ఆ కాలపు డైరీలు బల్ల మీద పెట్టుకొని, వాటిలో ఉన్నది చూసి ఇది రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయడం లేదు. అప్పటి పెద్దమనుషుల మీద గౌరవంతో కాదు. వాళ్లకు పేరు మిగల్చడం నాకు ఇష్టం లేదు.

పాత ఊరు ఇరుకు. ఒక గోడకు రెండిళ్లు ఆనుకొని, ఒక పెరట్లో మూడు కుటుంబాలు ఉండేవి. వాంతిభేది వచ్చిన ఏడాది సందులకు సందులే ఖాళీ అయ్యాయి. ఆ తర్వాత మా ఆఫీసు కమిటీకి రైల్వే గేటు అవతల కొత్త పేట కట్టాలన్న ఆలోచన పుట్టింది. "ఇరుకు ఇండ్లలో నివసించు బీదలకు గాలియు వెలుతురును కల్పించుటకై" అని తీర్మానంలో రాశారు. దాన్ని మూడు ప్రతులు చక్కగా రాసింది నేనే. ఆ వాక్యాన్ని కమిటీలో ఒక్కరూ నమ్మలేదు.

పేటకు భూమి కావాలి. భూమి ప్రైవేటు వాళ్లది. దాన్ని సర్కారు ద్వారా తీసుకొని పరిహారం ఇవ్వాలి. ఎంత ఇవ్వాలన్నది చిక్కు. మెట్ట పొలానికి ఒక ధర, ఇంటి స్థలానికి దానికి ఎన్నో రెట్ల ధర. గేటు అవతల ఊరు ఎక్కడ ముగిసి పొలం ఎక్కడ మొదలవుతుందో ఎవరూ గీత గీసి చెప్పలేరు. కమిటీ వాళ్లు వక్కలాకు నములుతూ ఒక పొద్దంతా ఆలోచించి ఒక సూత్రం కనిపెట్టారు. వీధి దీపపు స్తంభానికి నూరు గజాల లోపల ఉన్నది ఇంటి స్థలం. అవతలిది మెట్ట.

వినడానికి సబబుగానే ఉంటుంది. మనుషులు ఉన్నచోటే కదా దీపం పెడతారు. కానీ ఆ సూత్రం బయటికి పొక్కిన రోజు నుంచి దీపం దీపంగా మిగల్లేదు. నూనె లేకపోయినా సరే, చుట్టూ నూరు గజాల మేర డబ్బు రాల్చే ఇనుప చెట్టయింది.

కమిటీలో సభ్యుడైన ఒక కౌన్సిలరుకు గేటుకు చాలా దూరంలో, ఊరి గాలి సోకనంత దూరంలో, నల్లరేగడి పొలం ఉండేది. తెల్లటి మల్లుపంచె, చేతిలో వెండిపొన్ను కర్ర. మాట్లాడేముందు గొంతు సవరించుకొని నలుగురి వైపూ చూసేవాడు. ఆ తర్వాత చెప్పేది ఏమీ ఉండేది కాదు. ఆయన పొలానికీ రైల్వే గేటుకూ నడుమ ఒక బడిపంతులమ్మ ఇల్లు ఉంది. క్రైస్తవురాలు, భర్త చిన్నతనంలోనే పోయాడు. మిషను బళ్లో ఏళ్ల తరబడి పనిచేసి, కూడబెట్టుకున్నదంతా పోసి అర ఎకరం కొని అందులో రెండు గదుల మిద్దె వేసుకుంది. ఆమె గడప ముందర నిలబడినదే డెబ్బై మూడో నంబరు స్తంభం. ఆ దారిలో అదే చివరిది.

ఆ అర ఎకరం కూడా పేటలోకి పోతుంది. స్థలం ధర వస్తే ఆమె పాత ఊళ్లో ఒక చిన్న ఇల్లు కొనుక్కొని బడికి నడిచిపోగలదు. మెట్ట ధర వస్తే నంద్యాలలో వాకిలంత చోటు కూడా రాదు. ఊరు విడవాలి, ఊరితో పాటు ఉద్యోగమూ విడవాలి. ఇది కమిటీలో అందరికీ తెలుసు.

ఒకరోజు పొద్దున మా ఆఫీసు బండి వచ్చి పంతులమ్మ గడప ముందు ఆగింది. స్తంభం సంఖ్య సరిచూసి సంతకం చేయడానికి నేనూ పోయాను. ముగ్గురు కూలీలు స్తంభాన్ని పీకి బండికెత్తారు. దాన్ని బిగించిన రాతి దిమ్మె మాత్రం ఊడి రాలేదు, అక్కడే వదిలేశారు. దీపాలు ముట్టించే మనిషి నిచ్చెన పట్టుకొని నిలబడి చూస్తున్నాడు.

"యాడికన్నా ఇది?" అని బండివాణ్ణి అడిగాడు.

"కౌన్సిలరు చేన్లోకి."

"చేన్లో ఎవురుండారని?"

"జొన్న ఉండాది."

"జొన్నకు దీపమెందుకబ్బా?" అని నా వైపు తిరిగాడు. "సామీ, ఇంక నేను దినామ్మూ చేన్లోకి పోయి గాజు తుడిచి రావాల్నా?"

"నంబరు ఎక్కడుంటే నువ్వక్కడ" అన్నాను.

"అయితే నాకొక జత చెప్పులు రాయి. ఆ రేగట్లో అడుగు తీసి అడుగేసేకే పొద్దు మునుగుతాది."

రాయలేదు. దీపాల పద్దులో చెప్పులకు చోటు లేదు. ఆ సాయంత్రం రిజిస్టరులో స్తంభం చోటు మార్చి రాయమని ఛైర్మను దగ్గరి నుంచి చీటీ వచ్చింది. మార్చాలంటే కొట్టివేత కనబడుతుంది కాబట్టి ఆ పేజీ తీసేసి కొత్త పేజీ కుట్టమన్నారు. కుట్టాను. కొత్త పేజీలో డెబ్బై మూడో నంబరు మొదటి నుంచీ జొన్నచేలోనే ఉంది. డైరీలో మాత్రం బండి వచ్చిన వేళ, కూలీల సంఖ్య, దిమ్మె మిగిలిపోయిన సంగతి రాసుకున్నాను. రాసుకొని పడుకున్నాను. అంతకు మించి ధైర్యం నాకు ఆ వయసులో లేదు, తర్వాతా రాలేదు.

ఆ ఆదివారం బొగ్గు బస్సెక్కి ఆళ్లగడ్డ పోయాను. పెట్రోలు దొరక్క బొగ్గు కాల్చి నడిపే బస్సులవి. మెరక వచ్చినప్పుడల్లా మనం దిగి తోయాలి. ఆళ్లగడ్డ చేరేసరికి చొక్కా బస్సు రంగుకు తిరిగింది. మా అన్న అరుగు మీద కూర్చొని ఉన్నాడు. వేరుశనక్కాయల వ్యాపారం చేసేవాడు. ఏ వస్తువునైనా చేత్తో పట్టుకోగానే దాని రేటు చెప్పడం అతనికి గొప్ప. వస్తువు దేనికి పనికొస్తుందో మాత్రం అతనికెప్పుడూ పట్టలేదు.

"రారా దీపాల దొరా" అన్నాడు. "లేచిందా స్తంభం?"

నాకు అప్పుడే తెలిసింది. రుద్రవరం దారిలో మా నాయన సంపాదించిన చేనును అంతకు నెల ముందు అమ్మినప్పుడు నేనూ సంతకం పెట్టాను. వ్యాపారానికి అన్నాడు, నమ్మాను. ఆ డబ్బుతో అతను కొన్నది కౌన్సిలరు రేగడిలో రెండెకరాలు. పరిహారం వస్తే ఒకటికి నాలుగు వస్తుందని.

"నాయన చేను అమ్మి జొన్నచేను కొన్నావా?"

"జొన్నచేనేందిరా? ఇంటి స్థలం. నూరు గజాలు మీ ఆఫీసోళ్లు చెప్పిన మాటే గదా."

"అక్కడ ఇల్లు ఏది?"

"ఇల్లెవునికి కావాలరా! దీపముండాది గదా. ఆ దీపం చూసే రేటు. నువ్వు చదువుకున్నావు గానీ లోకం తెలీదు నీకు."

"ఆ పంతులమ్మ గడప ముందర పీకి తెచ్చిందన్నా అది."

"పంతులమ్మ నీకేం కావాల? నేను నీకేం కావాల?" అని గొంతు తగ్గించాడు. "చూడు, పరిహారం విచారణ రోజు నిన్ను పిలుస్తారంట. రిజిస్టరు తెరువు, ఉండేది చదువు, మూసెయ్. సొంత మాట ఒక్కటి కూడా మాట్లాడాకు."

వదిన లోపల్నుంచి అన్నానికి పిలిచింది. తిన్నాను. ఆ పూట అన్న ఒక పచ్చి జొన్న ఆకు తెచ్చి, ఇంటి స్థలంలో మొలిచిన జొన్న అని నవ్వుతూ చూపించాడు. డైరీలో ఈ మాట పక్కన నేను ఏమీ రాసుకోలేదు. ఇప్పుడు రాస్తున్నాను: నా తోడబుట్టినవాడంత తెలివితక్కువ మనిషిని నేను మళ్లీ కమిటీ గదిలో తప్ప చూడలేదు.

భూమికి ధర పెరిగేది దాని యజమాని చెమటోడ్చినందుకు కాదు. ఊరు దాని దగ్గరికి వచ్చినందుకు. రోడ్డు వేసేది ఊరు, కాలువ తవ్వేది ఊరు, దీపం పెట్టేది ఊరు. వాటికి పన్ను కట్టినవాళ్లలో గేటు దగ్గర బొరుగులమ్మే ముసలమ్మ కూడా ఉంది. పెరిగిన ధర మాత్రం ఒకడి పంచె కొంగులోకి పోతుంది. కాబట్టి అలాంటివాళ్లు ఊరు తమ వైపు పెరిగేదాకా కాచుకొని కూర్చోరు. ఊరిని తమ పొలం వైపు లాక్కుపోతారు. దీన్ని అర్థం చేసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. అర్థం కానట్టు ఉండడానికి మాత్రం కమిటీలో కుర్చీ కావాలి.

విచారణకు కొద్ది రోజుల ముందు కౌన్సిలరు స్వయంగా నా బల్ల దగ్గరికి వచ్చాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఏమప్పా, దీపం పన్ను జాబితాలో ఆ పంతులమ్మ పేరుండాదంట?"

మా ఊళ్లో దీపానికి దగ్గరున్న ఇళ్లకు ఇంటిపన్నుతో పాటు దీపం పన్ను వేసేవాళ్లు. ఏ ఇంటికి ఏ స్తంభమో జాబితాలో నంబరుతో సహా ఉండేది. ఆ జాబితా రాసేదీ నేనే.

"ఉందండి. డెబ్బై మూడు" అన్నాను.

"కొట్టెయ్."

"ఇప్పుడు కుదరదండి. అర్ధ సంవత్సరం ముగిసినాక గానీ జాబితా దిద్దకూడదు. పద్ధతి."

ఆయన నా మొహం వైపు కాసేపు చూశాడు. నేను ఎదురు తిరుగుతున్నానేమో అని చూశాడు. అలాంటిదేమీ కనబడలేదు, ఎందుకంటే లేదు. ఒక పేజీ చించి కొత్త పేజీ కుట్టమంటే కుట్టినవాణ్ణి. కానీ దానికి ఛైర్మను చీటీ ఉంది, దీనికి లేదు. జాబితా దిద్దే నెల ఒకటుంది, ఈ నెల అది కాదు. నా బుర్ర అంతకు మించి పనిచేయలేదు.

"మీ పద్ధతీ మీరూ పోండప్పా" అని విసుక్కొని పోయాడు. పన్ను జాబితా లాంటి చిన్న కాగితాన్ని ఎవరు చూస్తారులే అనుకొని ఉంటాడు.

చూసేవాడు ఒకడున్నాడు. బిల్లు కలెక్టరు. జాబితాలో పేరు ఉంటే చచ్చినవాడి దగ్గరైనా వసూలు చేసే రకం. విచారణ రోజు పొద్దున్నే పంతులమ్మ ఇంటికి పోయి దీపం పన్ను కట్టమన్నాడు. ఆమె గుమ్మంలో నిలబడి ఆ ఖాళీ దిమ్మె చూపించిందట.

"దీపం యాడప్పా?"

"నాకేం తెలుసమ్మా. కాగితంలో ఉండాది."

"కాగితంలో ఉంటే కాగితాన్నే అడుగుపో."

అతను వాదించే మనిషి కాదు. వాకిట్లో నీళ్లు నింపి పెట్టిన ఇత్తడి బిందెను వంచి, నీళ్లు పారబోసి, భుజాన పెట్టుకున్నాడు. జప్తు చేసినప్పుడు రసీదు ఇవ్వాలన్నది నిబంధన, ఇచ్చాడు. అందులో "డెబ్బై మూడో నంబరు స్తంభం దీపపు పన్ను బాకీకై ఇత్తడి బిందె ఒకటి" అని, వేలిముద్ర వేసినంత స్పష్టంగా, ఆ రోజు తేదీతో రాశాడు.

విచారణ ట్రావెలర్స్ బంగళా వసారాలో జరిగింది. కర్నూలు నుంచి వచ్చిన డిప్యూటీ కలెక్టరుకు జలుబు. న్యాయం మీద కంటే రుమాలు మీద ఆయనకు ఎక్కువ ధ్యాస. కౌన్సిలరు ఉతికిన పంచెలో ముందు వరసలో కూర్చున్నాడు. అంతకు రెండు రోజుల ముందే ఆయన పొలంలో జొన్నను, పాలు పట్టకముందే, పచ్చిది పచ్చిగా కోయించాడు. అధికారి చూడబోతే అది చేనులా కనబడకూడదని. రేషను గింజల కోసం జనం బారులు తీరి నిలబడిన సంవత్సరం అది. వాటాదారుగా మా అన్న కూడా ఆళ్లగడ్డ నుంచి వచ్చి వెనకాల నిలబడ్డాడు. పంతులమ్మ బడి నుంచి నేరుగా వచ్చినట్టుంది, చేతికి సుద్దముక్క పొడి ఉంది.

"డెబ్బై మూడో నంబరు దీపం ఎక్కడుంది?" అని డిప్యూటీ కలెక్టరు అడిగాడు.

నేను రిజిస్టరు తెరిచి, నేనే కుట్టిన పేజీ గట్టిగా చదివాను.

"మొదటి నుంచీ అక్కడే ఉందా?"

"రిజిస్టరు ప్రకారం అక్కడేనండి."

అన్న తల ఊపడం కనబడింది. అప్పుడు పంతులమ్మ లేచింది.

"మొదటి నుంచీ ఆడనే ఉంటే నా బిందె యాడికి పోయినట్లు సార్?"

"ఏం బిందె?"

ఆమె రసీదు తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన ముక్కు తుడుచుకొని చదివాడు. మళ్లీ చదివాడు. కౌన్సిలరు లేచి గొంతు సవరించుకున్నాడు.

"అది బిల్లు కలెక్టరు పొరపాటు సార్. వాడొట్టి మొద్దు."

బిల్లు కలెక్టరు వసారా మెట్ల మీదే ఉన్నాడు. "మొద్దేందన్నా?" అన్నాడు. "జాబితాలో ఉండేదే రాసినా. జాబితా నాది గాదు, ఈయప్పది" అని నన్ను చూపించాడు.

జాబితా అడిగారు, ఇచ్చాను. రిజిస్టరూ జాబితా పక్కపక్కన పెట్టుకొని డిప్యూటీ కలెక్టరు నన్ను అడిగాడు. "రెండూ నీ చేతిరాతే. ఒకే స్తంభం రెండు చోట్ల ఎట్లా ఉందయ్యా?"

"అర్ధ సంవత్సరం ముగిసేదాకా జాబితా దిద్దకూడదండి" అన్నాను.

వసారాలో నవ్వులు. అన్న నవ్వలేదు. పంతులమ్మ కూడా నవ్వలేదు.

"సార్, దీపం ఆయప్ప చేన్లో ఉండాదంటే పన్ను ఆయప్పతో వసూలు చేసుకోండి. నా గడప ముందర ఉండాదంటే స్థలం ధర నాకియ్యండి. పన్నుకు నా దగ్గర, ధరకు ఆయప్ప దగ్గర అంటే ఎట్లా?"

డిప్యూటీ కలెక్టరు లేచి గేటు దాటి నడిచాడు. అందరం వెంట నడిచాం. పంతులమ్మ గడప ముందు దిమ్మె, దానిలో నాలుగు మేకులు. రేగడిలో స్తంభం పక్కకు ఒరిగి ఉంది. చుట్టూ జొన్న కొయ్యకాళ్లు పచ్చివాసన కొడుతున్నాయి. వాటి దుమ్ముకు ఆయనకు తుమ్ములు మొదలయ్యాయి. తుమ్ముతూనే చెప్పాడు. పంతులమ్మది ఇంటి స్థలం, ఇది మెట్ట. ఆయన న్యాయం కోసం అలా చెప్పాడని నేను అనుకోను. రెండు కాగితాలు పొసగలేదు, జలుబు తగ్గలేదు, తొందరగా ముగించాలనుకున్నాడు. ఆ రోజుకు అదే చాలింది.

అన్న అక్కడే, కొయ్యకాళ్ల మధ్య, నన్ను పట్టుకున్నాడు. "ఒక్క పేరు కొట్టేసేకి చెయ్యి రాలేదారా నీకు?" అన్నాడు. పద్ధతి గురించి చెప్పబోయాను. ఉమ్మేసి పోయాడు. చాలా ఏళ్లు మా మధ్య మాటల్లేవు. నాయన చేను ఖరీదులో సగానికి సగం ఆ రేగట్లో కలిసిపోయింది. అందులో నా భాగమూ ఉంది.

కౌన్సిలరుకు మాత్రం ఏమీ కాలేదు. కొత్త పేటలో స్థలాలు వేలం వేశారు. పాత ఊరి పెరళ్లలో మూడు కుటుంబాలుగా ఉన్నవాళ్లు వేలం చూడ్డానికి వచ్చి, చూసి వెళ్లిపోయారు. మూల స్థలాలు నాలుగూ కౌన్సిలరు అల్లుడి పేర పాడుకున్నాడు. గాలీ వెలుతురూ ఎవరికి కల్పించారో వాళ్లకే అందాయి.

వేలానికి ముందే పంతులమ్మకు పరిహారం వచ్చింది. మిషను బడి వెనక సందులో ఒక చిన్న ఇల్లు కొనుక్కుంది. చేరే ముందు రోజు తన బిందె కోసం ఆఫీసుకు వచ్చింది. జప్తు గది తాళం నా దగ్గరే ఉండేది. తలుపు రెక్కలు, గంగాళాలు, ఒక ఊయల బల్ల, వాటి మధ్య నుంచి బిందె వెతికి తెచ్చి బల్ల మీద పెట్టాను. ఆమె దాన్ని వెలుతురులోకి తిప్పి చూసింది.

"ఆ పొద్దు రిజిస్టరు ప్రకారం అంటివి గదప్పా. నీ కండ్ల ప్రకారం యాడుండె దీపం?"

నేను జప్తు రిజిస్టరు తెరిచి ఆమె పేరు వెతికాను.

"బండికెత్తేటప్పుడు నా గడప ముందరే నిలబడుంటివి. కిటికీలోంచి చూస్తానే ఉంటి నేను. ఎండకు గొడుగు గూడా పట్టుకొనుంటివి."

గొడుగు సంగతి డైరీలో నేను రాసుకోలేదు. ఆమె చెప్పాక గుర్తొచ్చింది. సంతకం పెట్టమని రిజిస్టరు ఆమె ముందుకు తోశాను. ఆమె కలం పట్టుకోకుండా బిందె అడుగున వేలు పెట్టి చూపించింది.

"ఈ సొట్ట ముందర లేదు. రాసుకో."

"జప్తు రిజిస్టరులో సొట్టలకు గడి లేదు పంతులమ్మా."

"లేకుంటే గీసుకో. స్కేలు ఉండాది గదా నీ చేతిలో."

నేను పేజీ అంచున ఒక నిలువు గీత గీశాను. పైన "సొట్టలు" అని, కింద ఆమె బిందెకు ఎదురుగా "ఒకటి" అని రాశాను. ఆమె చదివి, సంతకం పెట్టి, బిందె చంకన పెట్టుకొని మెట్లు దిగిపోయింది.

తర్వాతి నెల తనిఖీకి వచ్చిన సూపరింటెండెంటు ఆ గడి ఏమిటని అడిగాడు. పద్ధతి అన్నాను. ఆయన టిక్కు పెట్టి పేజీ తిప్పాడు.